నమాజు ఉంటే చాలు, పరాయివాడి బాకీ తీర్చనక్కర లేదా?

"ప్రతి ముస్లిం తెలుసుకోవలసిన ఐదు విషయాలు" అన్న శీర్షికతో ఒక సందేశం కొంతకాలంగా కర్నూలు, ఆదోని మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒక జుమాకు (శుక్రవారం) ఒకరు పంపితే, మరుసటి జుమాకు అదే సందేశం అక్షరం మారకుండా మరో ముగ్గురి నుంచి వస్తోంది. పంపేవారిలో చదువుకున్నవారు, వ్యాపారస్థులు, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే పెద్దలు కూడా ఉన్నారు కాబట్టే దీనికి జవాబు రాయవలసి వస్తోంది. అందులోని ఐదు మాటలు క్లుప్తంగా ఇవి. నమాజు, రోజా (ఉపవాసం) సక్రమంగా ఉంటే నడవడికలోని లోపాలను అల్లాహ్ ఎలాగూ క్షమిస్తాడు. మాట నిలబెట్టుకోవడం, బాకీ తీర్చడం, తూకంలో నిజాయతీ మనలో మనకే గాని ఇతర మతస్థుల విషయంలో విధి కావు. ఉన్న లోపాన్ని ఉన్నట్టు చెబితే అది గీబత్ (చాటున చెడు చెప్పుకోవడం) కాదు. నలుగురిలో నవ్వుతూ మాట్లాడేవాడికి దీన్ (మతం) పట్ల గాంభీర్యం లేనట్టే. ప్రవక్త (స) మీద రోజూ చెత్త వేసిన ముసలమ్మ కథ కల్పితం, కనుక మెత్తదనం గురించి చెప్పేవన్నీ తర్వాతివారు అల్లినవే.

నవ్వు సంగతితో కాలయాపన అక్కర లేదు. తోటివాడి ముఖం చూసి చిరునవ్వు నవ్వడమూ సదఖాయే (దానమే) అన్న ప్రవచనం తిర్మిజీ అనే హదీసు గ్రంథంలో, అంటే ప్రవక్త మాటల, చేతల సంకలనంలో ఉంది. ప్రవక్త (స) కంటే ఎక్కువగా చిరునవ్వు నవ్వే మనిషిని తాను చూడలేదని సహచరుడు అబ్దుల్లాహ్ బిన్ హారిస్ చెప్పిన మాటా అందులోనే ఉంది.

గీబత్ గురించిన సందేహాన్ని సహచరులు ఆనాడే ప్రవక్త ముందు పెట్టారు. మేము చెప్పే లోపం ఆ మనిషిలో నిజంగానే ఉంటే ఏమంటారని అడిగినప్పుడు, ఉంటే మీరు చేసింది గీబత్, లేకపోతే అంతకంటే ఘోరమైన అపనింద అని ఆయన తేల్చి చెప్పారు. ఇది సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉన్న మాట. చెప్పింది నిజమే కదా అన్న సాకుకు అక్కడే తలుపు మూసుకుపోయింది. అన్యాయానికి గురైనవాడు అధికారి ముందు మొరపెట్టుకోవడం, సంబంధం కుదుర్చుకునేవారు అడిగితే తెలిసింది చెప్పడం వంటి సందర్భాలను పండితులు మినహాయించారు గాని, అరుగుమీద కూర్చుని పక్కింటివాడి కాపురాన్ని విప్పి చెప్పడం ఆ మినహాయింపుల్లో ఎక్కడా లేదు.

మొదటి మాటలో సగం నిజం ఉంది గనుకనే అది ఎక్కువమందిని పట్టుకుంటోంది. అల్లాహ్ కారుణ్యం విశాలమైనదని, తన హక్కు విషయంలో జరిగిన లోపాన్ని ఆయన తలచుకుంటే క్షమిస్తాడని ఎవరూ కాదనరు. అయితే సాటి మనుషుల హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్, హక్కుదారుడు వదులుకుంటే తప్ప తీరవని చిన్న మదరసాలో కూడా చెబుతారు. ప్రళయదినాన నిజంగా దివాలా తీసినవాడు ఎవరో ప్రవక్త వర్ణించిన తీరు సహీహ్ ముస్లింలోనే ఉంది. ఆ మనిషి నమాజు, రోజా, జకాత్ (విధి దానం) అన్నీ మోసుకుని వస్తాడు. కాని ఒకరిని తిట్టి, ఒకరిపై నింద వేసి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి ఉండడం చేత అతని పుణ్యాలు ఒక్కొక్కటిగా వాళ్లకు పంచిపెట్టబడతాయి. అవి చాలకపోతే వాళ్ల పాపాలు అతని మీదికి వచ్చి పడతాయి, చివరికి అతను నరకంపాలవుతాడు. ఈ హదీసులో శిక్షకు గురైనవాడు నమాజు మానినవాడు కాదు, నమాజు చేసినవాడే. రాత్రంతా నమాజులో నిలబడి, పగలు ఉపవాసముండి, నాలుకతో ఇరుగుపొరుగును హింసించే ఒక స్త్రీ గురించి చెప్పినప్పుడు ప్రవక్త ఆమెలో ఏ మేలూ లేదన్నారు. విధి నమాజులు మాత్రమే చేసి, ఎండబెట్టిన పాల ముక్కలు దానమిచ్చి, ఎవరినీ నొప్పించని మరో స్త్రీ స్వర్గవాసి అన్నారు. అల్లాహ్ మార్గంలో ప్రాణమిచ్చిన షహీదుకు సైతం అప్పు తప్ప మిగిలినవన్నీ క్షమించబడతాయని ఆయనే చెప్పారు. ప్రాణమిచ్చినా తీరని అప్పు ఐదు పూటల నమాజుతో ఎలా తీరుతుందో ఈ సందేశం రాసినవారు చెప్పాలి. బాకీ పెట్టి చనిపోయిన ఒకరి జనాజా (అంత్యక్రియలకు శవం) తెచ్చినప్పుడు ప్రవక్త నమాజు చేయించడానికి ఒప్పుకోలేదు. అబూ ఖతాదా ముందుకు వచ్చి ఆ అప్పు నేను తీరుస్తానన్న తర్వాతే చేయించారు. ఆ అప్పు మూడు దీనార్లని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

అసలు విషం రెండో మాటలో ఉంది. మిగిలిన నాలుగింటిని ఎవరైనా నమ్మితే నష్టపోయేది వాళ్లే. దీన్ని నమ్మితే నష్టపోయేది ఆదోని మార్కెట్ యార్డులో లాటు దించుకుని నిలబడ్డ రైతు, ఉద్దెర ఇచ్చిన అంగడి యజమాని, నోటి మాట మీద చేబదులు ఇచ్చిన స్నేహితుడు. పరాయి మతస్థుడికి ఎగ్గొడితే పాపం లేదని చెప్పడం ఇస్లాం పేరుతో దొంగతనానికి అనుమతి పత్రం రాసివ్వడమే, దీన్ని ఇంతకంటే మృదువుగా చెప్పడం నాకు చేతకాదు.

ఈ వాదన కొత్తదేమీ కాదు, ఖుర్ఆన్ దీన్ని పేరు పెట్టి ఖండించింది. ఆలి ఇమ్రాన్ సూరా (అధ్యాయం) 75వ ఆయత్ (వాక్యం) చూడండి. గ్రంథప్రజల్లో (యూదులు, క్రైస్తవుల్లో) ధనరాశిని అప్పగించినా తిరిగి ఇచ్చేవారున్నారని అది ముందుగా మెచ్చుకుంటుంది. ఆ తర్వాత, ఒక్క దీనారు అప్పగించినా నెత్తిన నిలబడి అడిగితే గాని ఇవ్వనివారున్నారని, మన గ్రంథం లేని ఈ జనం విషయంలో మనకు దోషం అంటదన్నదే వాళ్ల సాకు అని చెప్పి, వాళ్లు తెలిసి తెలిసి అల్లాహ్ మీద అబద్ధం చెబుతున్నారని తీర్పు ఇస్తుంది. ఈ సందేశంలోని రెండో మాటకూ ఆ సాకుకూ తేడా ఏమిటి? ఒక మతంవాళ్ల నోట వింటే అల్లాహ్ మీద అబద్ధమైనది మన నోట రాగానే దీన్ అయిపోతుందా?

ప్రవక్త జీవితంలోకి చూస్తే ఈ వాదనకు నిలువ నీడ ఉండదు. 622లో మక్కా వదిలి వెళ్లే రాత్రి, తనను చంపడానికి ఇంటి చుట్టూ కాపు కాసిన జనానికి చెందిన అమానత్ సొమ్ములు (నమ్మి దాచుకోమని ఇచ్చినవి) ఆయన దగ్గర ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి చేర్చి రమ్మని హజ్రత్ అలీని మక్కాలోనే ఉంచి వెళ్లారు. ప్రాణం తీయడానికి వచ్చినవాడి సొమ్మునే తిరిగి ఇచ్చిన ప్రవక్త ఉమ్మత్‌లో (అనుచర సమాజంలో) పుట్టి, ఎరువుల అంగట్లో బాకీ ఎగ్గొట్టడానికి మతాన్ని అడ్డం పెట్టుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? కన్నుమూసే నాటికి ఆయన కవచం ముప్పై 'సా'ల (ఆనాటి ఒక కొలత) బార్లీకి ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉందని బుఖారీలో ఉంది. అప్పు ఇచ్చినవాడు పరాయివాడని ఆయన తాకట్టు పెట్టకుండా తెచ్చుకోలేదు.

అన్నిసా సూరా 105 నుంచి 112 వరకు ఉన్న ఆయత్‌ల నేపథ్యం కూడా వ్యాఖ్యాతలు చెప్పగా అందరూ విన్నదే. ముస్లింనని చెప్పుకునే ఒకడు కవచం దొంగిలించి ఆ నేరం ఒక యూదుడి మీదికి నెట్టగా, దొంగ బంధువులు మనవాడని వెనకేసుకొచ్చారు. ఆయత్‌లు దిగి, నమ్మకద్రోహుల తరఫున వాదించవద్దని ప్రవక్తకే ఆదేశమిచ్చి, నిర్దోషి అయిన యూదుడి మచ్చను తుడిచాయి. "మనవాడు" అన్న మాటకు అక్కడ ఏ విలువా దొరకలేదు.

ఇక తూకం సంగతి. ఆదోని యార్డుకు పత్తి వచ్చినప్పుడు కొనేవారు పైన కనిపించే తెల్లదనాన్ని చూసి ధర కట్టరు. చేతిని మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగి, వేళ్ల మధ్య నలిపి తేమ చూస్తారు. బరువు కోసం నీళ్లు చల్లినవాడి మోసం అక్కడ బయటపడుతుంది. మదీనా బజారులో ప్రవక్త చేసింది సరిగ్గా ఇదే. ధాన్యపు రాశిలోకి చేయి పెట్టారు, వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పగా, జనానికి కనిపించేలా తడి గింజలు పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసం చేసేవాడు మావాడు కాడన్నారు. కొనబోయేవాడు ఎవరో, ఏ మతస్థుడో అన్న ప్రశ్న ఆ సంఘటనలో రానే రాదు. అల్ ముతఫ్ఫిఫీన్ సూరా కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం అన్నప్పుడు కూడా "జనం" అనే అంది, ముస్లింలకు తగ్గించేవారికి అనలేదు. ఏదైనా మినహాయింపు ఉండి ఉంటే చెప్పడానికి అంతకు మించిన చోటు లేదు.

యుద్ధకాలపు ఆయత్‌లు కొన్నింటిని చూపించి రెండో మాటను సమర్థించాలని చూసేవారు అల్ ముమ్తహినా సూరా ఎనిమిదో ఆయత్ కూడా చదవాలి. మతం విషయంలో మీతో యుద్ధం చేయని, మిమ్మల్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టని వారి పట్ల మంచిగా, న్యాయంగా ఉండడాన్ని అల్లాహ్ వారించడని అందులో ఉంది. మనకు పొలం కౌలుకిచ్చినవాడు, మన పిల్లలకు చదువు చెప్పినవాడు, కాన్పు వేళ ఆటో తెచ్చి నిలబెట్టినవాడు ఏ యుద్ధం చేశాడు?

ముసలమ్మ కథ విషయంలో మాత్రం సందేశం రాసినవారి మాట సరైనదే. బయాన్లలో (మతప్రసంగాల్లో), పాఠ్యపుస్తకాల్లో ఎంత విరివిగా చెప్పినా, రోజూ చెత్త వేసిన ముసలమ్మ ఒకనాడు కనబడకపోతే ప్రవక్త పరామర్శకు వెళ్లారన్న కథ ప్రసిద్ధ హదీసు గ్రంథాల్లో దొరకదు. ఆధారం లేని దాన్ని, అది ఎంత అందమైనదైనా, ప్రవక్తకు అంటగట్టకూడదు. ఈ జాగ్రత్తకు వారిని మెచ్చుకోవలసిందే. అయితే అంతటితో మెత్తదనమంతా కల్పన ఎలా అవుతుంది? తనకు సేవ చేసే యూదు బాలుడు జబ్బుపడితే ప్రవక్త వెళ్లి అతని తల దగ్గర కూర్చున్నారన్నది బుఖారీలో ఉంది. తాయిఫ్‌లో అవమానపడి తిరిగి వస్తుండగా, ఆ జనాన్ని కొండల మధ్య నలిపివేయమంటారా అని దైవదూత అడిగితే వద్దన్నారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పరామర్శకు, క్షమకు ఇంత గట్టి ఆధారాలుండగా ఆ కథ అవసరమే లేదు.

ముసలమ్మ కథకు ఆధారం అడిగినవారు తమ రెండో మాటకు కూడా అదే పట్టుదలతో ఒక్క ఆయత్, ఒక్క హదీసు చూపాలి. చూపలేకపోతే, ఏయే గ్రూపుల్లోకి పంపారో ఆ గ్రూపులన్నిటిలోనూ అది తప్పని రాసి పంపాలి.