ఇక్కడ కలిపేక అరకు కాఫీయే

ఏడాదికి ఒక్కసారైనా అరకు వెళ్లిరాని కుటుంబాన్ని విశాఖ కుటుంబంగా లెక్కవేయకూడదని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిన్నంత మాత్రాన ఎవరూ విశాఖవాసులైపోరు. సముద్రం చూడ్డానికి సిటీ బస్సు చాలు. కొండెక్కాలంటే కారుండాలి, కారున్న తోడల్లుడుండాలి, పులిహోర డబ్బాలుండాలి, వాంతులకి నిమ్మకాయలూ పాలిథిన్ కవర్లూ ఉండాలి. ఇవన్నీ సమకూర్చుకుని, తెల్లారి అయిదింటికల్లా బయల్దేరాలని ముందురోజు ఏకగ్రీవంగా తీర్మానించి, ఎనిమిదిన్నరకి పెందుర్తి దాటిన కుటుంబానిదే అసలైన స్థానికత.

అరకు ఇప్పుడు విశాఖ జిల్లాలో లేదు కదా అని ఎవరైనా అడ్డు తగలొచ్చు. నిజమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. దారిలో తగిలే కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) విజయనగరం జిల్లావి. దాదాపు 115 కిలోమీటర్ల ప్రయాణానికి మూడు జిల్లాలు. మా అత్తగారికి ఇవేవీ పట్టవు, ఆవిడకి అది 'మన అరకు'. పుట్టింటి పొలం పంపకాల్ని కూడా ఆవిడ ఇలాగే గుర్తించలేదు గానీ, అది వేరే వ్యాసం.

ఈ యాత్ర కొండలు చూడ్డానికని పామరులు అనుకుంటారు. కాదు, కాఫీ తాగడానికి. పోయిన డిసెంబరులో మేం ఏడుగురం వెళ్లాం, ఆరుచోట్ల ఆగాం, ఆరుచోట్లా తాగాం. ఎస్.కోటలో ఇడ్లీ తర్వాత తాగింది ఇందులో కలపలేదు, అది టిఫిన్ ఖాతా. ఘాట్ రోడ్డు మొదలయ్యాకే అసలు లెక్క. ఇక్కడ పనిచేసే సూత్రం మీద ఇంతవరకూ ఎవరికీ డాక్టరేట్ రాకపోవడం అన్యాయం. ముందుగా అత్తగారికి బాత్రూం అవసరం పడుతుంది. ఊరికే వెళ్లి అడిగితే బాగోదు కాబట్టి ఏడు కాఫీలు చెప్తాం. ఆ కాఫీల పుణ్యమాని పది కిలోమీటర్లు తిరక్కుండా అదే అవసరం ఏడుగురికీ పడుతుంది. మళ్లీ మొహమాటం, మళ్లీ ఏడు కాఫీలు. టైడా నుంచి అనంతగిరి దాకా రోడ్డుపక్క వ్యాపారమంతా ఈ మొహమాటం మీదే నిలబడి ఉంది. మనవాళ్లు సిగ్గు విడిచిన రోజున ఆ పాకలన్నీ మూతపడతాయి.

ఆగిన చోటల్లా లోయ చూస్తారా అంటే, చూస్తాం. వీపులతో. ఫోటోలో లోయ మా వెనకుంటుంది, ఇంటికెళ్లాక తీరిగ్గా ఫోన్లో చూసుకుంటాం. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర మంచు తప్ప మరేమీ కనబడలేదు. అందరూ బాగుందన్నారు. మా తోడల్లుడైతే ఆ తెల్లటి మంచులోకే వేలు చూపించి, "బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ పంపడానికి వేసిన రైలు మార్గం అన్నయ్యగారూ! కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు!" అని ఉపన్యాసం మొదలెట్టాడు. ఏటా అదే చోట ఆగి అదే చెప్తాడు. సొరంగాలు పెరగలేదు గానీ ఆయన గొంతు పెరుగుతోంది.

నాలుగో కాఫీ అనంతగిరి దగ్గర. రోడ్డుకి రెండుపక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. అరబికా సుకుమారి, నడినెత్తిన ఎండ పడితే ఓర్చుకోదు. కోతల కాలం కనక కొమ్మల నిండా పళ్లు. బాగా ఎర్రబడ్డవి మాత్రమే చూసి చూసి చేత్తో కోస్తారు, తొక్క తీసి ఎండబెడతారు. 2019లో ఈ కాఫీకి, ఈ నేలలో పండినదానికే ఈ పేరని, భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టు తెరిచారు. అంతటి తోట నడుమ, రేకుల పాకలో, 'ఒరిజినల్ అరకు కాఫీ' అన్న బోర్డు కింద, నా కళ్లముందే ఏదో ఫ్యాక్టరీ పొడి సాషేలు పళ్లతో చింపి పాలల్లో పోశారు. పైన గరిటెడు పంచదార.

"ఇది అరకు కాఫీయేనా అమ్మా?"

"ఇక్కడ కలిపేక అరకు కాఫీ కాక మరేటవుద్ది బాబూ?"

ఆ పేపరు కప్పు పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఆవిడ వాదనలో నాకు దోషం కనబడలేదు. భౌగోళికమంటే ఇంతకన్నా ఏం కావాలి? గింజ దేశాలు పట్టి వెళ్లింది, గింజని వెతుక్కుంటూ మేం కొండెక్కాం, మా ఇద్దరికీ కుదరక మధ్యలో సాషే వచ్చి సంబంధం కలిపింది. మరి మీరు తాగరా అని అడిగాను. "మాకెందుకు బాబూ, చోడంబలుంది కదా" అని పొయ్యి పక్కన మూతపెట్టిన తపేలా చూపించింది. చోళ్లంటే రాగులు. పొద్దున్నుంచీ మేం దాటొచ్చిన దుకాణాలన్నిట్లో, ఆ కొండమీద పండి, ఆ కొండమీదే కాగి, ఆ కొండవాళ్లే తాగుతున్నది అదొక్కటే. ఒక గ్లాసు ఇమ్మందామని నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే ఏడు కాఫీలు చెప్పి ఉన్నాం. మొహమాటం.

అరకు చేరాక బొంగులో చికెన్ తిన్నాం. దాని గురించి ఇప్పటికే కావలసినంత మంది రాశారు.

తిరిగొచ్చేటప్పుడు పశ్చాత్తాపంతో అసలైన అరకు గింజల పొడి పావుకిలో కొన్నాను. ఇంటికొచ్చి వంటింటి అలమారు తెరిస్తే, పోయినేడు ఇలాగే కొన్న పావుకిలో సీలు తీయకుండా కూర్చునుంది. మా ఇంట్లో ఫిల్టరు లేదు. అత్తగారు అప్పటికే టీ పెట్టేశారు.