దిండోరియా, ఇగత్పురియా?

మా ఆయనకు మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మిర్చి అడ్తి దుకాణం. ఆయనకు ఏ రెండు సరుకులు చూపించినా ముందు తేమ చూస్తాడు, తర్వాత రేటు అడుగుతాడు. పెళ్లిరోజు ప్రయాణాన్నీ అలాగే బేరం పెట్టాడు. నాసిక్ దగ్గర వైన్ తోటలున్న చిన్న ఊళ్లు రెండు: దిండోరి, ఇగత్పురి. ఇద్దరమే పోవాలి, రెండు రోజులుండాలి. ఏ ఊరు?

దిండోరి నాసిక్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్లు. ఎటు చూసినా ద్రాక్ష తోటలే, మధ్యలో వైనరీలు. ఇగత్పురి ముంబై దారిలో కసారా ఘాట్ పైన ఉంటుంది. కొండలు, చెరువులు, మబ్బులు. "వానాకాలంల ఇగత్పురి పోదాం, అప్పుడు మార్కెట్ల పని కూడా ఉండది" అన్నాడు. వానల్లో ఇగత్పురి పోతే కొండే కనబడదు, ఇక ద్రాక్షగుత్తి ఏం కనబడుతుంది? నాసిక్ రైతులు ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి తీగలు కత్తిరిస్తారు. కోతలు జనవరి నుంచి మార్చి దాకా. సరిగ్గా అవే రోజుల్లో మా మార్కెట్లో మిర్చి బస్తాలు రోడ్డెక్కుతాయి, ఊరు ఊరంతా తుమ్ముతుంది. శివరాత్రికి దుకాణం మూసి పోదామన్నాను. ఎప్పుడన్నది తేలింది. ఎక్కడికన్నది తేలకముందే, ఆయన రూము కోసం ఫోన్‌లో మాట్లాడుతుంటే "దిండోరి" అన్న మాట అత్తమ్మ చెవిన పడింది.

"దిండోరా!" అని అత్తమ్మ రెండు చేతులూ జోడించింది.

మరాఠ్వాడాలో ఆ పేరు వింటే ఎవరికీ వైన్ గుర్తురాదు, దత్తావతారమని కొలిచే స్వామి సమర్థ గుర్తొస్తారు. ఊరూరా ఉన్న ఆయన సేవాకేంద్రాలకు దిండోరి పెద్ద పీఠం. మా వీధి చివరి కేంద్రంలో అత్తమ్మ పాత సేవేకరి, అంటే సేవ చేసే భక్తురాలు. సాయంత్రం హారతి ముగిసేసరికి మా భక్తి ఊరంతా తెలిసిపోయింది. తెల్లారి ఇంటికి కొబ్బరికాయలు రావడం మొదలైంది. వాటి వెంట మొక్కుల చీటీలు. ఒకావిడైతే తన బదులు గురుచరిత్ర పారాయణ కూడా అక్కడే పూర్తి చేసుకు రమ్మంది.

ఆయన కంగారుపడి, "దిండోరి కాదమ్మా, ఇగత్పురి పోతున్నం" అన్నాడు. అక్కడ దేవుడి గొడవ ఉండదనుకున్నాడు పాపం.

అత్తమ్మ మొహం మాడిపోయింది. మామయ్య పేపరు దించి మా ఇద్దరినీ ఒకసారి చూసి, మళ్లీ పేపరు ఎత్తుకున్నారు. రాత్రికే నిజామాబాద్ నుంచి మా నాన్న ఫోన్. "ఏం బిడ్డా, నువ్వూ అల్లుడూ మాట్లాడుకుంటలేరా?"

ఇగత్పురిలో ధమ్మగిరి ఉంది. 1976 నుంచి అక్కడ విపశ్యన ధ్యాన శిబిరాలు నడుస్తున్నాయి. పది రోజుల శిబిరంలో దాదాపు చివరిదాకా నోరు విప్పకూడదు, ఫోన్ ముట్టకూడదు, మత్తు అసలే పనికిరాదు. పెళ్లిరోజుకు మొగుడూ పెళ్లాం అక్కడికి పోతున్నారంటే కాపురం ఎక్కడిదాకా వచ్చిందో అని మా వాళ్లు టెన్షన్ పడ్డారు. (ఆయన పది రోజులు నోరు మూసుకుని ఉంటానంటే ఫీజు నేనే కట్టేదాన్ని. అక్కడ ఫీజు కూడా లేదట.)

మార్కెట్‌కు ఇందులో మత్తు ముక్క మాత్రమే చేరింది. మా ఆయన తాగుడు మానడానికి పోతున్నాడట! ఏ పెళ్లిలోనో అరగ్లాసు పట్టుకుని సోడాతో నింపుకుంటూ తెల్లారేదాకా గడిపే మనిషి ఆయన. ఎవరూ నమ్మరనుకుంటే అందరూ నమ్మారు. ఎదురు దుకాణం సేఠ్ పిలిచి మరీ చాయ్ తాగించి, "మంచి పని చేస్తున్నవ్ తమ్మీ, జర ఆలస్యమైంది గానీ" అన్నాడు. బిలోలి వైపు రైతొకాయన తన కొడుకునూ వెంట తీసుకుపొమ్మని, ఖర్చంతా తనదేనని బతిమాలాడు. "నాకు అలవాటే లేదు కాకా" అని ఈయన మొత్తుకుంటే, "మొదట్ల మావోడు గూడ గట్లనే అన్నడు" అని భుజం తట్టాడు.

ఆఖరికి అత్తమ్మే తీర్పు చెప్పింది. శివరాత్రికి త్ర్యంబకేశ్వర్, అటునుంచి దిండోరి, నలుగురమూ. మా దగ్గర గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు తేదీలు పెట్టి నదికి దారి చూపింది. మా అత్తమ్మ విషయంలో ఏ కోర్టుకు పోవాలో మాకు తెలియలేదు.

త్ర్యంబక్‌లో శివరాత్రి క్యూ గురించి ఏం చెప్పను. పెళ్లిరోజు అందులోనే గడిచిపోయింది.

మర్నాడు దిండోరి దారిలో ఒక వైనరీ గేటు ముందు క్రేట్ల నిండా నల్లద్రాక్ష కనబడితే అత్తమ్మ బండి ఆపించింది. కిటికీలోంచి ఒకటి అడిగి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. గోళీ అంత కూడా లేదు, తోలు మందం, లోపలంతా గింజలు.

"ఇవేం ద్రాక్షలురా? ఎవరు తింటరు?"

"తినేటివి కావమ్మా" అన్నాడు ఆయన.

"మరెందుకు పండిస్తరు?"

ఆయన నావైపు చూశాడు. నేను కొబ్బరికాయల సంచి సర్దుకోవడంలో పడ్డాను.

"మందుకమ్మా" అన్నాడు చివరికి.

అత్తమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అట్లనా. మీ నాయిన మోకాళ్లకు పనిచేస్తదేమో అడుగు."

మేం తలుపు తీసేలోపే మామయ్య బండి దిగి గేటు దాటారు.