సవరణ: 225, 153 సీట్ల సంగతి
నిన్నటి పోస్టులో ఒక తప్పు దొర్లింది. విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి వెంటనే పెంచి తీరాలని రాశాను. కాదు. మళ్లీ తీసి చదివితే, ఆ సెక్షన్ మొదలవడమే 'రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి' అని! ఆ నాలుగు ముక్కలే నేను దాటేశాను. 2026 తర్వాతి మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా సీట్లు కదపొద్దనేది ఆ 170వ అధికరణే. ఈ సీట్లు పెంచాలంటూ వేసిన పిటిషన్‌ను 2025 జూలై 25న సుప్రీంకోర్టు కొట్టేసిందీ అందుకే. జమ్మూకశ్మీర్‌లో అసెంబ్లీ సీట్లు 83 నుంచి 90 చేశారుగా అన్న వాదన కూడా అక్కడ నిలవలేదు. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం, రాష్ట్రాలకు సంబంధించిన 170వ అధికరణ దానికి వర్తించదు. అంకెలు మాత్రం సరిగ్గానే రాశాను లెండి.