ఒసుమి పస్తు పెట్టింది ఈస్టును

ఏకాదశి వచ్చిందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ సందేశం మళ్లీ ప్రత్యక్షమవుతుంది. సారాంశం ఇది: జపాన్ శాస్త్రవేత్త ఒకాయన ఉపవాసం మీద పరిశోధించి నోబెల్ తెచ్చుకున్నాడట. 16 గంటలు ఏమీ తినకపోతే ‘ఆటోఫజీ’ మొదలై మంచి కణాలు క్యాన్సర్ కణాలను తినేస్తాయట. ఇది మన పెద్దలకు ఎప్పుడో తెలుసట. కాబట్టి మందులు మానేసి ఉపవాసం పట్టాలట. చివర చేతులు జోడించిన బొమ్మ, పదిమందికి పంపమన్న ఆజ్ఞ. మొత్తం అబద్ధమైతే పట్టించుకోనక్కరలేదు. పాలలో నీళ్లు కలిసినట్టు ఇందులో నిజమూ ఉంది, అదే చిక్కు.

‘ఉపవాసం మీద నోబెల్.’ 2016లో యోషినోరి ఒసుమికి వైద్యశాస్త్ర నోబెల్ వచ్చిన మాట నిజం. అది ఉపవాసానికి కాదు, ఆటోఫజీ, అంటే కణం తన లోపలి సరుకును తానే అరిగించుకోవడం, ఎలా పనిచేస్తుందో బయటపెట్టినందుకు. ఆయన పస్తు పెట్టింది మనుషులను కాదు, రొట్టె పిండిని పొంగించే ఈస్టును. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల తెరిచినప్పుడు ఆయనకు ఎదురైన ఇబ్బంది ఇది: ఈస్ట్ కణం మరీ చిన్నది. అందులో చెత్తను అరిగించే సంచి, అంటే రిక్తిక, చేరిన సరుకును చేరినట్టే అరిగించేస్తుంటే ఇక చూడటానికి ఏం మిగులుతుంది? అందుకని అరిగించే ఎంజైములు లేని ఈస్టును ఎంచుకుని, పోషకాలు లేని ద్రావణంలో వదిలాడు. కొద్ది గంటల్లో రిక్తిక నిండా గుండ్రటి బుడగలు పేరుకుని, అటూ ఇటూ కదులుతూ మామూలు సూక్ష్మదర్శినికే కనబడ్డాయి. పొయ్యి వెలగని ఇంట్లో కట్టెలు పేరుకున్నట్టన్నమాట. తరువాత ఆ బుడగలు కట్టలేని ఈస్టులను ఏరి, 1993లో ఆటోఫజీకి కావలసిన 15 జన్యువుల లెక్క తేల్చారు. ఆటోఫజీ అన్న పేరు అంతకన్నా పాతది. 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ పెట్టాడు.

‘మంచి కణాలు క్యాన్సర్ కణాలను తింటాయి.’ ఆటోఫజీ అన్న మాటకు అర్థమే తనను తాను తినడం. కణం తన లోపలి సరుకునే, అంటే పాడైన మైటోకాండ్రియాను (కణానికి శక్తినిచ్చే భాగాలను), ముద్దకట్టిన ప్రోటీన్లను, పొరలో చుట్టి అరిగించుకుంటుంది. పక్క కణాన్ని మింగడం తెల్ల రక్తకణాల్లో కొన్నిటి పని, అది వేరే విద్య. పైగా ఆటోఫజీ క్యాన్సర్ కణానికీ వచ్చు. కణితి పుట్టకముందు ఈ శుభ్రత కాపాడవచ్చు. కణితి పెరిగి, లోపలికి రక్తం సరిగా అందనప్పుడు మాత్రం క్యాన్సర్ కణం దీనితోనే ప్రాణం నిలుపుకుంటుంది. అందుకే మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కొందరు క్యాన్సర్ రోగులకు ఇచ్చి పరీక్షించారు, ఆటోఫజీని పెంచడానికి కాదు, ఆపడానికి. సందేశం రాసినవారికి ఈ ముక్క చేరినట్టు లేదు.

‘16 గంటలకు స్విచ్ పడుతుంది.’ కణంలో గడియారం చూసి మొదలయ్యే పని కాదిది. ఈస్టులో తిండి సమృద్ధిగా ఉన్నంతసేపూ టార్ అనే ఎంజైము ఏటీజీ13 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్లు తగిలిస్తూ ఉంటుంది. ఆ బరువుతో అది తన జతగాడు ఏటీజీ1తో గట్టిగా కలవలేదు. పోషకాలు తగ్గగానే టార్ చల్లబడుతుంది, నిమిషాల్లో ఫాస్ఫేట్లు రాలిపోతాయి, జత కుదురుతుంది, పని మొదలవుతుంది. కొత్త ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగనక్కరలేదు, ఉన్నదాని వేషం మారితే చాలు. ఆ పక్కనే మరో ప్రోటీన్, ఏటీజీ8, తోక చివరి అమైనో ఆమ్లం ఒక్కటి కత్తిరించుకుని, ఒక కొవ్వు అణువుకు అతుక్కుని బుడగ పొరలో నాటుకుంటుంది. ఒసుమి బృందం 2000లో చూపించిన సంగతి ఇది. నాకైతే నోబెల్ కథ మొత్తంలో ఇంతకన్నా ముచ్చటైన ఘట్టం లేదు. తోకను కత్తిరించిన కత్తెరే తరువాత ఆ కొవ్వు నుంచి ప్రోటీన్‌ను విడదీస్తుంది కూడా. తిండి దొరికితే ఫాస్ఫేట్లు మళ్లీ ఎక్కుతాయి. అంటే ఇది స్విచ్ కాదు, కుళాయి. కడుపు నిండి ఉన్నప్పుడూ చుక్కలు పడుతూనే ఉంటాయి, ఆకలికి ధార పెరుగుతుంది.

ధార అన్ని అవయవాల్లో ఒకేలా పెరగదు. 2004లో జపాన్ శాస్త్రవేత్త మిజుషిమా బృందం ఆటోఫజీ ఆకుపచ్చగా మెరిసి కనబడేలా మార్చిన చిట్టెలుకలను 24 గంటలు పస్తు ఉంచితే, కాలేయంలో, కండరాల్లో మెరుపు పెరిగింది, మెదడులో పెరగలేదు. చిట్టెలుకకు ఒక రోజు పస్తంటే మనకు ఒక రోజు పస్తులాంటిది కాదు, దాని బరువే గణనీయంగా పడిపోతుంది. మనిషిలో ఇది ఏ గంటకు పెరిగిందో చెప్పే మామూలు రక్తపరీక్ష లేదు.

‘పెద్దలకు ముందే తెలుసు.’ మన పెద్దలు ఏకాదశి ఉన్నది హరి కోసం. ఆ భక్తికి ఈస్టు ఇచ్చే యోగ్యతాపత్రం ఎందుకు? పైగా ఫలహారం పేరిట ఉప్పుడుపిండి, పాలు, అరటిపళ్లు లాగించాక టార్ ఎంజైము ఊరుకుంటుందా?

‘మందులు మానేయండి.’ మిగతావన్నీ నవ్వుకుని వదిలేయవచ్చు, దీన్ని వదలకూడదు. షుగరు మందులు మానేస్తే షుగరు పెరుగుతుంది. మానకుండా తిండి మాత్రం మానేస్తే ఇంకో ప్రమాదం. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు తిన్నామా లేదా అని చూడవు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. నిరుడు కార్తీక మాసంలో మా పెద్దమ్మ అలవాటు కొద్దీ పొద్దున్నే మాత్ర వేసుకుని ఉపవాసం కూర్చుంది. పది గంటలకు చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. వేలు గుచ్చి చూస్తే షుగరు 52కు పడిపోయింది. గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించాం. పావుగంటకు తేరుకుని నా చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగిన మొదటి మాట: “చక్కెర నీళ్లు తాగించేశావు, ఉపవాసం చెడినట్టేనా నాయనా?”