నోథోఫాగస్‌ను విడగొట్టడం అవసరమా?
దక్షిణార్ధగోళంలోని బీచ్ చెట్లను, అంటే నోథోఫాగస్ ప్రజాతిని (దగ్గరి సంబంధం ఉన్న జాతుల గుంపును), నాలుగు ప్రజాతులుగా చేయాలన్న 2013 నాటి ప్రతిపాదనే సరైనదని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు, నేనైతే ఒప్పుకోను. పుప్పొడిని బట్టి చూసినా డీఎన్ఏను బట్టి చూసినా నాలుగు గుంపులు ఉన్న మాట నిజమే, కానీ ఆ నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చాయని కూడా అదే డీఎన్ఏ చెప్తోంది కదా, మరి ఒకే ప్రజాతి కింద ఉపప్రజాతులుగానే ఉంచితే ఏం పోయింది? అంటార్కిటికా శిలాజాల మీద దశాబ్దాలుగా వచ్చిన రాతలన్నీ ఈ పేరుతోనే ఉన్నాయి.

ఒకప్పుడు అన్నీ అకేసియా అనే ఒకే ప్రజాతిలో ఉన్న తుమ్మల సంగతి వేరు. మా నల్లగొండ వైపు చెరువుల దగ్గర కనిపించే నల్లతుమ్మ వాచెల్లియా అనే ప్రజాతిలోకి, నల్లమల చండ్ర సెనెగాలియా అనే ప్రజాతిలోకి వెళ్లాయంటే, పాత అకేసియా నిజంగానే ఒకే వంశం కాదని తేలింది కాబట్టి. అయినా పిల్లలకు పరీక్షలో ఏ పేరు రాయాలో ఇప్పటికీ టెన్షనే. నోథోఫాగస్‌కు అంత బలమైన కారణం ఏముందో వ్యాసంలో ఎక్కడా కనపడలేదు.