పోలిక గారికి, ఆంధ్రా కేరళ నుంచి

పోలిక గారికి,

నమస్కారమండి. తమరు మా ఇళ్ళల్లో తరతరాలుగా ఉంటున్నారు, అద్దె కట్టమని ఎవరూ అడిగింది లేదు. పిల్ల పుట్టగానే ముక్కు మేనత్తది, నుదురు నాయనమ్మది అని పంపకాలు పెట్టేది తమరే. చిన్న కోడలు గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే పెద్ద కోడలి పక్కన నిలబెట్టి ఎత్తూ రంగూ చూసేదీ తమరే. అక్కడితో ఆగినా బాగుండేది, ఊళ్ళ మీద కూడా పడ్డారు. కోనసీమని ఆంధ్రా కేరళ అన్నారు. ద్రాక్షారామాన్ని దక్షిణ కాశి అన్నారు. కాకినాడని రెండో మద్రాసు అన్నారు. భీమవరాన్ని రెండో బార్డోలీ అన్నారు. ఆ మాట గాంధీగారి పేరు మీద చలామణీలో ఉంది కాబట్టి దాని జోలికి నేను పోను. మొత్తానికి మా డెల్టాలో మొదటిది అనదగ్గది ఏదైనా మిగిలిందా అని వెతుక్కోవాల్సి వస్తోంది. కేరళవాళ్ళు ఎవరైనా కుట్టనాడు చూపించి "ఇది మా కోనసీమ" అని ఒక్కసారైనా అన్నారేమో కాస్త కనుక్కుని చెప్పండి. తమరికి తెలియని గడప లేదు కదా.

అయితే ఈ ఉత్తరం ఊళ్ళ గురించి కాదండి. బొమ్మలు వేసే ఆడవాళ్ళ గురించి.

మొన్న దసరా సెలవుల ముందు మా దగ్గరి ఊళ్ళో పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టారు. నా దగ్గర డ్రాయింగు నేర్చుకునే ఇంటర్ పిల్ల ఒకతి కాలవ బొమ్మలు పెట్టింది. మా కాలవల సంగతి తెలిసిందే, నీళ్ళకంటే గుర్రపుడెక్క ఎక్కువ. అందరూ దాని ఊదాపూలు వేస్తారు, పెళ్ళి ఫొటోలవాళ్ళు కూడా వాటినే వెతుక్కుంటూ వస్తారు. ఈ పిల్ల పూలు వదిలేసి అడుగున కుళ్ళుతున్న కాడలు వేసింది, పచ్చదనం నలుపులోకి దిగే చోటు. పొద్దున్న ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి, మబ్బు పట్టినప్పుడు ఒకటి. ముఖ్య అతిథిగారు మైకు అందుకుని "ఈ అమ్మాయి మన కోనసీమ అమృతా షేర్‌గిల్" అన్నారు. చప్పట్లు. అమృత మన దేశపు పేరున్న చిత్రకారిణి అని తెలియనివాళ్ళ సౌకర్యం కోసం "ఆవిడ ఇండియా ఫ్రీడా కాలో" అని కూడా అన్నారు. ఫ్రీడా మెక్సికో చిత్రకారిణి అని మాత్రం చెప్పకుండానే శాలువా కప్పించుకున్నారు. అంటే లెక్క ప్రకారం మా పిల్ల ఆంధ్రా కేరళలో వెలసిన ఇండియా మెక్సికో. ఆయ్, గొప్ప విషయమే. ఆ గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే కాబట్టి ఫ్రీడాకి అసలు దగ్గర చుట్టం అదేనేమో. దాని గురించి ఆ రోజు సభలో ఎవరూ నోరెత్తలేదు.

మీ వాటా ముందు మీకు ఇచ్చేస్తాను. అమృతకీ ఫ్రీడాకీ మీరు కలిపే చుట్టరికాలన్నీ అబద్ధాలు కావు. అమృత 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది, తండ్రి పంజాబు సర్దారు, తల్లి హంగేరీ గాయని. ఫ్రీడా 1907లో మెక్సికోలో పుట్టింది, తండ్రి జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, తల్లి అక్కడావిడే. ఇద్దరి ఇంట్లోనూ తండ్రి చేతిలో కెమెరా ఉంది. ఫ్రీడా తండ్రి గియెర్మో కాలోకి అదే వృత్తి. అమృత తండ్రి ఉమ్రావ్ సింగ్ సంస్కృతం, పారశీకం చదువుకున్న పండితుడు, తన్నీ తన ఇంటివాళ్ళనీ ఫొటోలు తీయడం ఆయనకి తీరని సరదా. మీరు చెప్పేవాటిల్లో నాకు నిజంగా నచ్చింది ఇదొక్కటే. తల ఎటు తిప్పితే ఏమవుతుందో, చూపు ఎక్కడ నిలపాలో ఇద్దరూ నాన్న లెన్సు ముందు కూర్చునే నేర్చుకుని ఉంటారు. పెద్దయ్యాక ఒకావిడ మెక్సికో దక్షిణాదిలోని తెహువానా ఆడవాళ్ళ పరికిణీలు కట్టింది, ఇంకొకావిడ పారిస్ గౌన్లు వదిలి చీర కట్టింది. పుట్టుకతో సగమే దక్కిన దేశాన్ని బట్టలతో పూర్తి చేసుకున్నారు. ఫ్రీడా అయితే పుట్టిన ఏడాదే మార్చేసింది. మెక్సికో విప్లవం 1910లో మొదలైంది కనుక తానూ 1910లోనే పుట్టానని చెప్పుకునేది. మా దగ్గర హెడ్మాస్టరు గారు నోటికొచ్చింది వేసిన పుట్టినతేదీతో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళు బోలెడుమంది, కాబట్టి ఇది మాకు వింతగా అనిపించదు.

మీరు ఈ కెమెరా దగ్గర కాసేపైనా నిలబడరు. గబగబా ఆసుపత్రికి పోతారు. ఫ్రీడాకి ఆరేళ్ళప్పుడు పోలియో. 1925 సెప్టెంబర్ 17న ఆమె ఎక్కిన బస్సుని ట్రాము గుద్దింది, వెన్నూ కటి ఎముకా విరిగాయి. కుడ్యచిత్రాలు వేసే డియేగో రివేరాతో 1929లో పెళ్ళి, 1939లో విడాకులు, 1940లో మళ్ళీ అతనితోనే పెళ్ళి. ఇన్ని ఉన్నాక ఫస్ట్ క్లాసు ఖాయం. అమృత దగ్గర ఇంత సరుకు లేదు. లాహోరులో తన ప్రదర్శనకి కొద్ది రోజుల ముందు, 1941 డిసెంబర్ 5న పోయింది, అప్పటికి 28 ఏళ్ళు. ఎందుకు పోయిందన్నదాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి కనుక మిస్టరీకి గ్రేసు మార్కులు కలిపి మీరు పాస్ చేశారు. ఎవరెవర్ని ప్రేమించారు, మగవాళ్ళనా ఆడవాళ్ళనా అన్నది ఎలాగూ మీకిష్టమైన పేపరు. ఇంత మూల్యాంకనం అయ్యాక కాన్వాసు మీద ఏముందో చూడ్డానికి మీకు టైమెక్కడిదండీ.

సరే, టైము గురించే మాట్లాడుకుందాం. 1933లో పారిస్ గ్రాండ్ సలోన్‌లో అమృత వేసిన "యంగ్ గర్ల్స్"కి బంగారు పతకం వచ్చింది. అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళు. అదే 1933లో అమెరికాలోని డెట్రాయిట్ పత్రిక ఒకటి ఫ్రీడా మీద వ్యాసం వేసింది. కుడ్యచిత్రాల మహా చిత్రకారుడి భార్య సరదాగా రంగుల్లో చేతులు పెడుతోంది అన్నది దాని శీర్షిక సారాంశం. ఫ్రీడా సొంతంగా మొదటి ప్రదర్శన పెట్టింది 1938లో, న్యూయార్క్‌లో. సొంత దేశంలో పెట్టింది 1953లో, చనిపోవడానికి ఏడాది ముందు. అంబులెన్సులో తీసుకొచ్చి హాల్లో మంచం మీద పడుకోబెడితే వచ్చినవాళ్ళని పలకరించింది. ఈ వరస చూస్తే, పోల్చి తీరాల్సిందే అనుకుంటే, ఫ్రీడాని మెక్సికో అమృత అనాలి. అనలేదేం? పోస్టర్లూ టీషర్టులూ ఫ్రిజ్ మీద అంటించే బిళ్ళలూ ఫ్రీడా బొమ్మతో ముందు వచ్చాయి కాబట్టి. మీరు చరిత్ర చూడరు, మార్కెట్టు చూస్తారు. 2023లో అమృత "స్టోరీ టెల్లర్" వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికినప్పుడు, 2025లో ఫ్రీడా "ఎల్ సువేన్యో" 5.47 కోట్ల డాలర్లు పలికినప్పుడు మీ ముఖం వెలిగిపోయి ఉంటుంది. ఎకరం రేటు చెప్పుకుని పొంగిపోయే మా డెల్టాలో మీకింత ఆదరణ ఎందుకో నాకప్పుడే అర్థమైంది.

పోల్చడం తప్పని నేననడం లేదు. డ్రాయింగు టీచర్ని, పక్కపక్కన పెట్టి చూపించకపోతే నాకు పూట గడవదు. మీరు చూసే చోటే తప్పు. 1932 తీసుకోండి. ఆ ఏడాది డెట్రాయిట్‌లో ఫ్రీడాకి గర్భం పోయింది. ఆసుపత్రి మంచం మీద రక్తంతో ఉన్న తనని ఒక లోహపు రేకు మీద వేసుకుంది. రేకు ఎత్తు అడుగు. మొక్కు తీరినవాళ్ళు చర్చిలో పెట్టే చిన్న రేకు బొమ్మలు మెక్సికోలో ఉంటాయి, ఆ పద్ధతి ఎత్తుకుంది. అంత పెద్ద దుఃఖాన్ని అడుగు రేకులోకి కుదించడం మామూలు చేయి చేసే పని కాదు. అదే ఏడాది పారిస్‌లో అమృత ఇందాకటి "యంగ్ గర్ల్స్" వేసింది, నాలుగైదడుగుల కాన్వాసు మీద ఇద్దరు అమ్మాయిల్ని కూర్చోబెట్టింది, ఒకతి తన చెల్లెలు ఇందిర, ఇంకొకతి స్నేహితురాలు. రక్తం లేదు, కన్నీళ్ళు లేవు. ఇద్దరి మధ్య ఒక గది, మాటలు అయిపోయిన తర్వాత ఉండే గది.

1939లో చూడండి, ఇద్దరూ ఇద్దరేసి ఆడవాళ్ళని వేశారు. ఫ్రీడా "ఇద్దరు ఫ్రీడాలు" వేసింది: ఒకతి తెల్లటి యూరప్ గౌనులో, ఇంకొకతి తెహువానా బట్టల్లో, ఇద్దరి గుండెలూ బయటికి కనిపిస్తూ మధ్యలో ఒకే రక్తనాళం. అమృత "టూ గర్ల్స్"లో ఒకతి తెల్ల పిల్ల, ఇంకొకతి నల్ల పిల్ల. ఇక్కడ కూర్చుని గంటలు మాట్లాడుకోవచ్చు. ఫ్రీడా వేసినవాటిల్లో మూడో వంతు పైనే ఆవిడ ముఖం, అది సూటిగా మన కళ్ళల్లోకి చూస్తుంది. అమృత కూడా పారిస్‌లో తన బొమ్మలు చాలా వేసుకుంది. కానీ 1934 చివర్లో ఇండియా వచ్చాక అద్దం పక్కన పెట్టేసింది. అజంతా చూసింది, కొచ్చిన్‌లో మట్టాంచేరి కుడ్యచిత్రాలు చూసింది (అసలు కేరళకే వెళ్ళింది కాబట్టి మా డూప్లికేటుతో ఆవిడకి పని పడలేదు), 1937లో "బ్రహ్మచారులు", "పెళ్ళికూతురి అలంకరణ", "సంతకి వెళ్ళే దక్షిణాది పల్లెవాళ్ళు" వేసింది. ఆవిడ వేసిన ఊరి ఆడవాళ్ళు చాలావరకు మనవైపు చూడరు. మనతో వాళ్ళకి పనేం లేదు. ఒకావిడ తనని చూడమని మనల్ని నిలదీస్తుంది, ఇంకొకావిడ ఎదుటివాళ్ళని వాళ్ళ మానాన వదిలేస్తుంది. నన్నడిగితే వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుబొదురు గట్లు. మీరు వాళ్ళకి కవలల గౌన్లు కుట్టించారు.

అమృత బతికుండగానే మీరు ఆవిడ కడుపు మీద కొట్టారని కూడా విన్నాను. హైదరాబాదులో నవాబు సాలార్‌జంగ్ ఆవిడ బొమ్మలు తిప్పి పంపారని, మైసూరు మహారాజావారు రవివర్మ బొమ్మలవైపే మొగ్గారని చెప్పుకుంటారు. రవివర్మ పక్కన నిలబెట్టి చూసే ఆ చూపు తమరిదే అయి ఉంటుంది. అప్పుడు రవివర్మలా లేదని వద్దన్నారు, ఇప్పుడు ఫ్రీడాలా ఉందని ముద్దంటున్నారు.

మా నరసాపురంలో ఆడవాళ్ళు సూదితో లేసు అల్లుతారు. కళ్ళు పోయేలా అల్లిన దాన్ని చేతిలోకి తీసుకుని "అచ్చం మిషను మీద చేసినట్టుందే" అని మెచ్చుకుంటారు. అది మీ నోటి మాటే. నా పిల్లలు నెల రోజులు కూర్చుని ముఖం వేస్తే "అచ్చం ఫొటోలా ఉంది" అంటారు, అదీ మీదే. ఇంక జడా, కాటుకా, కాస్త వాలుచూపూ ఉన్న పిల్ల కనిపిస్తే బాపు బొమ్మ అనేస్తారు. ఆయన మా పశ్చిమ గోదావరిలో పుట్టిన మనిషే కాబట్టి మాకూ గర్వమే. కానీ ఆడపిల్ల బొమ్మలా ఉంటే మీ జేబులో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆడపిల్ల బొమ్మ వేస్తేనే మెక్సికోకి పరిగెత్తాల్సి వస్తుంది.

అంత దూరం ఎందుకండీ, రావులపాలెం మీదుగా బస్సెక్కితే రాజమండ్రి. అక్కడ దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. రామారావు 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలో విద్య గుర్తించి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి పంపాడు. 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు, అప్పటికి 28 కూడా నిండలేదు. అమృతా 28కే పోయింది. ఇద్దరూ పడమటి పద్ధతి నేర్చుకుని ఇక్కడి మనుషుల్ని వేశారు. చావు లెక్కలంటే చెవికోసుకునే తమరు ఆయన్ని "రాజమండ్రి అమృత" అని ఒక్కనాడూ అనలేదు. మగవాణ్ణి ఆడదానితో పోలిస్తే తమరి నాలుక తిరగదు కాబోలు.

ఆ గ్యాలరీలోనే సత్యవాణి గారి బొమ్మలు, దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారి బొమ్మలు ఉన్నాయి. ఎవరు వాళ్ళ ఊసెత్తినా రామారావు భార్య, రామారావు సోదరి అనే మొదలుపెడతారు. డెట్రాయిట్ పత్రిక ఫ్రీడాని 1933లో పిలిచిన వరసే ఇదీ. ఇద్దరు చిత్రకారిణుల్ని పక్కపక్కన పెట్టి చూడాలని తమరికి అంత ఉబలాటంగా ఉంటే అక్కడికి వెళ్ళండి. ఒకే కుటుంబం, గోదారి ఒడ్డు, ఇద్దరి చేతుల్లో కుంచెలు. ఎవరి గీత ఎక్కడ తడబడింది, ఎవరి రంగు ఎక్కడ పలచబడింది, ఎవరికి ముఖాలు కుదిరాయి, ఎవరికి చేతులు కుదిరాయి, కూర్చుని చూడండి. వదినా ఆడపడుచుల్ని పోల్చడం తమరికి కొత్త విద్య కాదు. వంటా, కట్నమూ, కాపరమూ పక్కన పెట్టి ఈ ఒక్కసారి బొమ్మలు పోల్చండి.

మా పిల్ల మళ్ళీ కాలవ మీదే పని చేస్తోంది. ఈసారి లాకుల దగ్గర నురగ. సంక్రాంతి వెళ్ళాక మా వీధి అరుగు మీదే పెడతాం, మైకు ఉండదు, ముఖ్య అతిథీ ఉండరు. తమరు తప్పకుండా రావాలి. ఒక్కరే రండి, వెంట ఇంకెవర్నీ తీసుకురావద్దు. భోజనాల్లో చేపల పులుసు ఉంది. పులస మాత్రం కాదండి, సీజను కాదు, పైగా ఒడిశా ఇలస తెచ్చి పులస అని వడ్డించే అలవాటు మా వంటాయనకి లేదు. చెరువు శీలావతి, శీలావతి అని చెప్పే వడ్డిస్తాడు.

ఇట్లు,
అమలాపురం దగ్గర ఒక డ్రాయింగు టీచరు