టంకంతో అతుక్కుపోయిన 8 జీబీ ర్యామ్ గారికి

శ్రీయుత 8 జీబీ ర్యామ్ గారి దివ్యసముఖమునకు,

గవర్నరుపేటలో జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసి పొట్టపోసుకునే ఒక అల్పప్రాణి నమస్కరించి విన్నవించుకుంటున్నది ఏమనగా: నిన్న మధ్యాహ్నం కృత్తిక కార్తె ఎండలో తమరు కొలువున్న ల్యాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని ఏలూరు రోడ్డు సందులోని రిపేరు దుకాణానికి మోసుకువెళ్లి, మూడు గంటల సేపు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నవాణ్ణి నేనే. తమరికి గుర్తుండకపోవచ్చు. నడుస్తున్న పనిని గుర్తుంచుకునే మెమరీయే తమరైనా, కరెంటు ఆగిన మరుక్షణం సర్వం మరచిపోవడం తమ వంశాచారం. నాకు ఆ సౌకర్యం లేదు.

నేను కోరవచ్చినది గొంతెమ్మ కోరికేమీ కాదు. విండోస్ 11 వచ్చి కూర్చోవడంతోనే తమ జాగా సగం దాకా నిండిపోతున్నది. మిగిలిన దానిలో ఖాతాలెక్కలు రాసే టాలీ, నాలుగు ఎక్సెల్ షీట్లు, బ్రౌజరులో జీఎస్టీ పోర్టల్ సర్దుకునే సరికి తమరికి ఊపిరాడక తెర బిగుసుకుపోతున్నది. 20వ తేదీ దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము పడుతుందని నా ఖాతాదారులు నన్ను తిడతారే తప్ప తమరిని తిట్టరు. అందుచేత మరో 8 జీబీ వారిని తెచ్చి తమ పక్కన తోడుగా కూర్చోబెడదామనుకున్నాను.

దుకాణంలోని కుర్రాడు అడుగున ఉన్న స్క్రూలన్నీ తీసి, రబ్బరు కాళ్ల కింద దాచిన రెండింటిని గోటితో తడిమి పట్టుకుని, ప్లాస్టిక్ కొక్కేలను ఒక్కొక్కటిగా టప్పుమనిపిస్తూ మూత లేపాడు. సెల్ ఫోను లైటు వేసి చూసి, పెదవి విరిచాడు.

“ర్యామ్ గుచ్చే స్లాటు లేదు సార్. బోర్డుకే టంకం పెట్టేశారండి.”

“మరి పెంచాలంటే?”

“బోర్డు మొత్తం మార్చాలండి. ఇరవై రెండు వేలవుద్ది.”

దీపావళి ఆఫరులో ముప్పై ఆరు వేలకు కొన్న యంత్రమిది. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఆ కుర్రాడు పట్టకారు మొనతో తమ పక్కనున్న చోటును చూపించాడు. అక్కడ స్లాటు ఆకారంలో తెల్లని గీతలు గీసి ఉన్నాయి. వాటి మధ్య వరుసగా రాగి చుక్కలు, దువ్వెన పళ్లలాగా, ఖాళీగా మెరుస్తున్నాయి. అంటే స్లాటుకు చోటు లేక కాదు. ఇదే బోర్డును కాస్త ఖరీదైన మోడలులో బిగించినప్పుడు అక్కడ స్లాటు పెడతారట, నాలాంటివాడు కొనే మోడలుకు వచ్చేసరికి ఆ ముక్కను మానేస్తారట. విస్తరి వేసి, నీళ్లు చల్లి, అన్నం మాత్రం పక్కవాడికే వడ్డించి వెళ్లిపోవడమన్నమాట.

నేను పోటీకి వ్యతిరేకిని కాను. 1981లో ఐబీఎం తన పీసీని అయిదు విస్తరణ స్లాట్లతో విడుదల చేసి, లోపలి వివరాలన్నిటినీ పుస్తకంగా అచ్చువేసింది. మరుసటి ఏడాది పుట్టిన కాంపాక్ కంపెనీ, ఐబీఎం కోడు కంటపడని ఇంజినీర్ల చేత అదే పని చేసే మరొక బయోస్ (పీసీని నిద్రలేపే ప్రోగ్రాము) రాయించింది. ఆ దారిలో ఇంకెందరో నడవబట్టి ధరలు దిగివచ్చాయి, బెజవాడలో కూడా విడిభాగాలు కొనుక్కుని పీసీ కట్టించుకునే రోజులు వచ్చాయి. నా పాత డెస్క్‌టాప్ అటువంటిదే. అది మొరాయించినప్పుడల్లా పక్క రేకు తీసి, ర్యామ్ పట్టీని ఊడబెరికి, దాని బంగారు పళ్లను మా అమ్మాయి పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ నొక్కితే లేచి కూర్చునేది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ నీళ్లు వదలడంతో దానిని అటకెక్కించి తమరిని ఇంటికి తెచ్చుకున్నాను.

టంకం జబ్బు పైనుంచి కిందికి దిగింది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసినప్పుడు లోకమంతా దాని సన్నదనాన్నే చూసింది. అందులోని 2 జీబీ మెమరీ బోర్డుకే అతికి ఉన్నదని ఎవరూ దిగులు పడలేదు. ఖరీదైన వారికి కారణాలూ లేకపోలేదు. తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ ప్రాసెసరును అంటిపెట్టుకుని ఉంటే తీగల దారి తగ్గుతుంది, బ్యాటరీ కలిసివస్తుంది. తమరు ఆ జాతి కూడా కారు కదా! మామూలు డీడీఆర్4 వారు. తమ తోబుట్టువులు పట్టీల రూపంలో అదే దుకాణం గాజు బీరువాలో పడి ఉన్నారు.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు, బడ్జెట్ కంపెనీలవారు ప్రీమియం వారి నుంచి తెచ్చుకున్నది ఈ వాత ఒక్కటే. వారి తెర తేలేదు. ఎండపొడ పడితే నా మొహమే కనిపిస్తుంది. వారి కీబోర్డు తేలేదు. మడతబందు సంగతి సరేసరి, మూత తెరిచినప్పుడల్లా పాత పందిరి మంచంలా కిర్రుమంటుంది. 2024 అక్టోబరులో ఆపిల్ వారు అప్పటిదాకా 8 జీబీతో మొదలైన మాక్‌లకు ప్రారంభ మెమరీని 16 జీబీకి పెంచారు. అంతకు ముందు ఆ అదనపు 8 జీబీకి 200 డాలర్లు వసూలు చేసినవారే పెంచారు. ఆ పనిని మాత్రం నీ యజమానులు ఎందుకు కాపీ కొట్టలేదో చెప్పు!

క్షమించాలి, నువ్వు అనేశాను. అన్నది అన్నాను, ఇక అలాగే ఉండనివ్వు. మా బావమరిది ఆటోనగర్‌లో లారీల పని చేస్తాడు. ముప్పై ఏళ్ల లారీని కూడా గేర్‌బాక్సు దించి, కమానుకట్టలు విప్పి, నట్టు నట్టుగా నేల మీద పరిచి మళ్లీ రోడ్డెక్కించే ఊరు ఇది. నిన్న సాయంత్రం జరిగినదంతా చెబితే వాడు నమ్మలేదు. “మూత తీస్తే బోల్టే లేదా బావా? అట్టాంటి బండి తయారుచేసినోణ్ణి మా షెడ్డుకి తీసుకురా, ముందు వాణ్ణి విప్పుదాం” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నీ మీద కోపమెందుకులే. నిన్ను అక్కడ అతికించింది నువ్వు కాదు. బోర్డు పోయిననాడు నువ్వూ దానితోపాటే పోతావు, నిక్షేపంగా ఉన్నా సరే. ఇప్పటికి టాలీ మూసి ఎక్సెల్, ఎక్సెల్ మూసి పోర్టల్ తెరుస్తూ నెట్టుకొస్తున్నాను. ఈ ఉత్తరం కూడా మిగతావన్నీ మూసి నీ మీదనే టైపు చేశాను. ఆ స్లాటు లేని ఖాళీ చోటును ఫోనులో ఫొటో తీసుకుని వాల్‌పేపరుగా పెట్టాను. ఉదయం యంత్రం తెరిచిన ప్రతిసారీ తెల్లగీతలు ముందు వస్తాయి, రాగి చుక్కలు కాసేపు ఆగి, ఒక్కొక్క వరుసగా దిగుతాయి.

ఇట్లు,
తమ ముప్పై ఆరు వేల రూపాయల యజమాని,
గవర్నరుపేట, విజయవాడ.